బల్బు చెప్పిందే కూత

నవ్వదలుచుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. మా ఊరు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది, కొత్తగా మీరు నలుగురూ నవ్వితే నాకు పోయేదేమీ లేదు. ఇది ఒక అమ్మాయి ఒక్క సాయంత్రంలో సొంత ఊరికీ, ఒక మైకు సెట్టు యజమానికీ, చివరికి కన్నతల్లికీ శత్రువైపోయిన కథ. మధ్యలో ఏడుగురు మనుషుల కింద నలిగిపోతున్న ఒకడికి టీ కూడా అందిస్తారు. అంత గందరగోళానికీ కారణం నేనే. అయితే చివర్లో నేను చెంపలేసుకుంటానని ఎదురుచూస్తే మాత్రం మీ టైము దండగ.

మాది వెల్దుర్తి వైపు ఒక ఊరు. పేరు రాయను. మా ఊరి పేరు రాస్తే పక్కూరి పేరూ రాయాలి, అప్పుడు ఎవరి పేరు ముందు రాశావని మళ్ళీ గొడవ. ఈ రెండు ఊళ్ళూ మామూలు రోజుల్లో పిల్లనిచ్చి పుచ్చుకుంటాయి, ఎరువుల కట్టలు పంచుకుంటాయి. మా తిరునాళ్ళలో కబడ్డీ ఫైనల్ రోజున మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోవు.

మీరు టీవీలో చూసే కబడ్డీ వేరు. అక్కడ గడియారం ఉంటుంది, టైమైపోగానే కూతకెళ్ళినవాడు తిరిగి రావాలి. మా దగ్గర గడియారం లేదు, దమ్మే గడియారం. అవతలి జట్టులోకి అడుగుపెట్టినవాడు "కబడ్డీ కబడ్డీ" అంటూ గుక్క తిప్పుకోకుండా కూత పెట్టాలి. కూత ఉన్నంతసేపే వాడి ఆట. మధ్యలో ఊపిరి పీల్చాడా, కూత తెగినట్టు, వాడు అవుటైనట్టు. వినడానికి ఇంత తేలిగ్గా ఉందా? ఊళ్ళకి ఊళ్ళు చుట్టూ నిలబడి గొంతులు చించుకుంటుంటే, అంత హోరులో ఒక్కడి కూత తెగిందో లేదో ఏ దేవుడు వినగలడు? అందుకే ప్రతి తిరునాళ్ళకీ "తెగింది", "తెగలా" అని మొదలై, కుర్చీలు గాల్లోకి లేచి, పెద్దమనుషులు అడ్డంపడితే ముగిసేది.

మా అన్న శీను మా ఊరి జట్టులో మేటి. ఈ కథ జరగడానికి ముందటేడు ఫైనల్లో ఆఖరి కూతకు వెళ్ళాడు. ముగ్గురిని తాకి మధ్య గీత దాటి వచ్చాడు. ఊరంతా ఎగిరి గంతేస్తుంటే అంపైర్ మాబు సారు ఈల ఊదారు. కూత తెగిందన్నారు. కప్పు పక్కూరికి పోయింది. అంతటితో పోయినా బాగుండేది. పక్కూరి వాళ్ళు మా అన్నకి "కూతదొంగ" అని పేరు పెట్టారు. ఆ పేరు రెండు ఊళ్ళ మధ్య ఉన్న వాగు దాటి మా ఊళ్ళోకి కూడా వచ్చేసింది. అన్న టీ బంకు దగ్గరికి పోవడం మానేశాడు, పొలానికి చుట్టుదారిన పోయేవాడు. మా అన్న అబద్ధం ఆడాడంటే నేను నమ్మలేదు. నాకు ఏడుపొచ్చేంత కోపంగా ఉండేది.

అప్పుడు నేను నరసరావుపేటలో ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. సిగ్నల్స్ అనే సబ్జెక్టు కొత్తగా తలకెక్కింది. చప్పుడుని అంకెలుగా మార్చి, అందులో మనకి కావలసింది ఏదో, అక్కర్లేనిది ఏదో విడగొట్టే చదువది. కావలసిన దాన్ని సిగ్నల్ అంటారు, అక్కర్లేని దాన్ని నాయిస్ అంటారు. సగం పుస్తకం కూడా అవకముందే లోకంలో నేను విడగొట్టలేని చప్పుడంటూ లేదని తీర్మానించుకున్నాను. సెలవులకు ఇంటికొచ్చి, అమ్మ మిక్సీ వేస్తుంటే చెవి ఆనించి విన్నాను.

"అమ్మా, ఇందులో హార్మోనిక్స్ ఉన్నాయే" అన్నాను గంభీరంగా.

"ఉంటే ఏరి పారెయ్యి. పచ్చడి పంటి కింద కసకసమంటే మీ నాన్న తినడు" అంది అమ్మ.

అలాంటి ఇంట్లో పుట్టిన మేధావిని నేను. శివరాత్రికి అందరం కోటప్పకొండ వెళ్ళొస్తుంటే ఆటోలోనే నాకు ఆ ఐడియా తట్టింది. మనిషి చెవికి వినపడకపోతే మిషన్ చెవితో విందాం! ఒక మైకు పెట్టి, కూత ఉన్నంతసేపు ఆకుపచ్చ బల్బు, తెగిన క్షణాన ఎర్ర బల్బు వెలిగిస్తే ఇంక గొడవెక్కడిది? మా అన్న నిర్దోషి అని బల్బే సాక్ష్యం చెబుతుంది. అన్నకి చెప్పాను. ఏడాదిగా ఆట వైపు తల తిప్పని మనిషి, నా మొహంకేసి కాసేపు చూశాడు.

"ఏందే, నువ్వే చేస్తావా ఆ మిషను? నీ సొంతంగా?"

"నేనే చేస్తా."

"ఇంకెవరన్నా సాయం చేస్తారా? మీ సార్లూ గీర్లూ?"

"ఎవరూ అక్కర్లా."

"అట్టయితే ఆడతా" అన్నాడు అన్న. వాడి కళ్ళలో ఏదో మెరిసింది. చెల్లెలి మీద నమ్మకం అనుకున్నాను.

పది రోజుల్లో మిషన్ తయారైంది. మిషన్ అంటే ఒక మైకు, నా లాప్‌టాప్, రెండు బల్బులు. మైకులో పడ్డ చప్పుడుని నా ప్రోగ్రామ్ చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో ఎంత బలం ఉందో కొలుస్తుంది. నేను గీసిన గీతకన్నా బలం ఎక్కువుంటే కూత ఉన్నట్టు, తక్కువైతే తెగినట్టు. మొదట్లో చిన్న చిక్కొచ్చింది. "కబడ్డీ" అనేటప్పుడు "డ్డీ" దగ్గర నాలుక అంగిలికి ఒత్తుకుని రెప్పపాటు గొంతు ఆగుతుంది. మిషన్ దానిక్కూడా ఎర్ర బల్బు వెలిగించేది. అన్న ఒక్కసారి కబడ్డీ అంటే ఒక్కసారి అవుటయ్యేవాడు. ముక్కల్ని కొంచెం పెద్దవి చేసి, అంత చిన్న విరామాన్ని లెక్కచెయ్యొద్దని నేర్పాను. ఆ రోజు నాకు నేనే భుజం తట్టుకున్నాను.

కాలేజీలో మా సిగ్నల్స్ మేడమ్‌కి చూపించాను. ఆవిడ ఒకే ప్రశ్న అడిగారు. "దీన్ని ఎక్కడ టెస్ట్ చేశావమ్మా?"

"మా మేడ మీద, మేడమ్."

"ఎక్కడ వాడతావో అక్కడే టెస్ట్ చెయ్యాలి. అక్కడి నాయిస్ వేరుగా ఉంటుంది. ఒక్క మైకు చాలదేమో చూసుకో."

"మా ఊరు చాలా ప్రశాంతంగా ఉంటుంది మేడమ్" అన్నాను నేను. అన్నమాట నిజమే. మేడ మీద మిరపకాయలు ఆరబోసి ఉండేవి, పక్కన పిట్టగోడ మీద అన్న కూర్చుని కూత పెట్టేవాడు. అమ్మ కిందింట్లో నిద్రపోయేది. అక్కడ నా మిషన్ అద్భుతంగా పనిచేసింది.

తిరునాళ్ళ రోజు రానే వచ్చింది. ఆటకి ముందు మాబు సారు రెండు జట్ల కెప్టెన్లనీ పిలిచారు. ఆయన హైస్కూల్లో ఆటల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, ఈల మెళ్ళో లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

"చూడండయ్యా, నిరుడు నా చెవిని తిట్టినోళ్ళు ఇయ్యాల ఈ బల్బుని చూసుకోండి. పచ్చబల్బుంటే ఆట ఉన్నట్టు, ఎర్రబల్బొస్తే పోయినట్టు. బల్బు చెప్పిందే కూత. రేపు ఎవడన్నా మా ఇంటి మీదికొచ్చి సార్ అన్నాడంటే ఊరుకోను. ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నట్టే" అన్నాడు పక్కూరి కెప్టెన్ అంజి. మా అన్నా తలూపాడు. మైకు సెట్టు కోటయ్య బాబాయ్ ఆ మాటని గొట్టాల్లోంచి రెండు ఊళ్ళకీ వినపడేలా చెప్పాడు. తర్వాత ఎలాగూ ఎవరూ పాటించరనుకోండి, కానీ చెప్పడం మాత్రం ఘనంగా చెప్పాడు.

నేను మైకుని ఎక్కడ పెట్టానో ఇప్పుడు చెప్పాలి. ఆటగాడికి కడితే పెనుగులాటలో విరిగిపోతుందని, కోర్టుకి అటూ ఇటూ రెండు గుంజలు పాతి, వాటి మధ్య తాడు కట్టి, నడిమధ్యన మైకుని తలకిందులుగా వేలాడదీశాను. ఎవరెక్కడ కూత పెట్టినా వినిపించాలి కదా! ఎంత తెలివైన దాన్నో చూశారా? కూతతోపాటు ఇంకా ఏమేం వినపడతాయో ఆలోచించడం మాత్రం మర్చిపోయాను.

మొదటి కూత అంజిది. "కబడ్డీ కబడ్డీ" అంటూ మావాళ్ళ మీదికొచ్చాడు. పచ్చబల్బు వెలిగింది. మా ఊళ్ళో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు, నా ఛాతీ ఉబ్బింది. కాసేపటికి అంజికి దమ్ము అయిపోయింది. నోరు మూసుకుని, రొప్పుతూ నిలబడిపోయాడు. ఖర్మ కాలి అవుటయ్యానే అన్నట్టు వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు బల్బు వైపు చూశాడు.

బల్బు పచ్చగా, నిశ్చింతగా వెలుగుతూ ఉంది.

"సార్, కూత తెగింది!" అని అరిచారు మావాళ్ళు.

"బల్బు వెలుగుతానే ఉందిగా" అన్నారు మాబు సారు.

అంజి ఒక్క క్షణం నమ్మలేకపోయాడు. ఆ తర్వాత హాయిగా నడుం మీద చేతులు పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని, ఇద్దరిని తీరిగ్గా తాకి, అత్తారింటి నుంచి వచ్చినట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పక్కూరి వాళ్ళు ఈలలు వేశారు.

"ఇదేందమ్మాయ్?" అన్నాడు కోటయ్య బాబాయ్, మైకులోనే.

తెర మీద చూశాను. కూత అనే గీత ఉండాల్సిన చోట రెండు ఊళ్ళ అరుపులూ, కోటయ్య బాబాయ్ వ్యాఖ్యానమూ, పకోడీ బండి వాడి గంటా, అన్నీ కలిసి ఒక కొండలా లేచి ఉన్నాయి. నా మిషన్‌కి కూతకీ కేకకీ తేడా తెలియదు. చప్పుడుంటే చాలు, పచ్చ వెలిగిస్తుంది. కూతకెళ్ళినవాడి ఊపిరి బదులు చుట్టూ నిలబడ్డ ఊరి ఊపిరి కొలుస్తోంది.

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. పక్కూరి ముసలాయన ఒకాయన కనిపెట్టేశాడు.

"ఒరేయ్, అరిస్తే బల్బు ఆరటంలా! మనోడు పోయినప్పుడు అరవండి, ఆళ్ళోడు వచ్చినప్పుడు నోళ్ళు మూసుకోండి!"

మావాళ్ళేమన్నా తక్కువ తిన్నారా? అన్న కూతకి వెళ్ళగానే అమ్మ లేచి నిలబడి, కొంగు నడుముకి చుట్టి, "ఒరేయ్ శీనా!" అని ఒక కేక పెట్టింది. మా అమ్మ గొంతు గురించి మీకు తెలియదు. పొలంలో ఉన్న నాన్నని ఇంటి గుమ్మంలో నిలబడి అన్నానికి పిలిచే గొంతది. నేను గీసిన గీత ఆ గొంతు ముందు ఏ మూలకి? అమ్మ వెనకాల వీధి మొత్తం అందుకుంది. అన్న మొదట కాసేపు మర్యాదకి కబడ్డీ అన్నాడు. తర్వాత అదీ మానేశాడు. అవతలి జట్టు మధ్యలో నిలబడి మొహం తుడుచుకుంటూ అంజితో కబుర్లు మొదలుపెట్టాడు.

"మీ చిన్నాయనకి కాలెట్టా ఉంది?"

"కట్టు ఇప్పారు. నడుస్తన్నాడు. నువ్వు కూతలో ఉండావు, మాట్లాడకు."

"బల్బు వెలుగుతానే ఉందిలే."

"అవుననుకో. మీ మిరపకి ఈ ఏడు తెగులు రాలా?"

ఆటగాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు, చూడ్డానికి వచ్చినవాళ్ళు కూత పెడుతున్నారు. లోకంలో ఇలాంటి కబడ్డీ అంతకుముందు జరగలేదు, మళ్ళీ జరగదు. దీనికి నేను గర్వపడాలో సిగ్గుపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అసలు ముచ్చట సగం ఆట ముగిసే ముందు జరిగింది. మళ్ళీ అంజి వచ్చాడు. మావాళ్ళు ఏడుగురూ ఒక్కసారిగా మీదపడి నేల కరిపించారు. పట్టుకున్నాక కూత తెగితే అవుట్. కూత ఉండగా పాక్కుంటూ వెళ్ళి గీత తాకితే పాయింటు. అంజి మొహం మట్టిలో ఉంది, నోట్లోంచి ఒక్క ముక్క రావడం లేదు. కానీ వాడి ఊరు అరుస్తోంది. బల్బు పచ్చగా ఉంది. మావాళ్ళు వదిలితే వాడు గీత తాకేస్తాడు. వాళ్ళ ఊరు అరుపు ఆపితే వాడు అవుటైపోతాడు. ఎవరూ వదలరు, ఎవరూ ఆపరు.

అలా ఎంతసేపో! పక్కూరి వాళ్ళు వంతులు వేసుకున్నారు. ఈ పక్క అలిసిపోతే ఆ పక్క అందుకుంటోంది. అడుగున ఉన్నవాడికి ఆయాసం వస్తోందని టీ బంకు నుంచి గ్లాసు తెప్పించారు. అంజి ఒక చెయ్యి బయటికి పెట్టి గ్లాసు అందుకున్నాడు.

"మాకేదీ?" అన్నాడు పైన ఉన్న మావాడొకడు.

"నువ్వు వదిలెయ్, నీకూ ఇస్తాం" అంది పక్కూరు.

చివరికి వాళ్ళ గొంతులూ బొంగురుపోయాయి. అరుపు తగ్గింది. బల్బు మాత్రం ఆరలేదు. ఎందుకంటే గొట్టాల్లో కోటయ్య బాబాయ్ ఉన్నాడు.

"ఉత్కంఠభరితమైన క్షణాలు! ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూస్తన్నారు! అంజి ఇంకా పోరాడతానే ఉన్నాడు..."

"కోటయ్యా, నువ్వాపు! నీ మూలానే బల్బు ఆరటంలా!" అని మాబు సారు కేకేశారు.

"నేనేం మాట్లాడటంలా సార్!" అన్నాడు కోటయ్య బాబాయ్, మైకులో. "ప్రేక్షక మహాశయులారా, మీరే సాక్ష్యం, నేనసలు నోరు మెదపటంలా, నేనెందుకు మాట్లాడతాను..."

బల్బు మరింత ధీమాగా వెలిగింది. మాబు సారే పరిగెత్తుకెళ్ళి ఆయన చేతిలో మైకు లాక్కున్నారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎర్రబల్బు వెలిగింది.

"అవుట్!" అన్నారు మావాళ్ళు.

"అది కోటయ్య కూత! మా అంజి కూత కాదు!" అని పక్కూరు లేచింది. "మైకు లాక్కుంటే అవుటేంది? ఆ మైకు మీ ఊరోళ్ళది!"

కుర్చీలు లేవబోయాయి. మాబు సారు సగం ఆట అయిందని ఈల ఊదేసి, తిన్నగా నా దగ్గరికి వచ్చారు. ఆయన వెనక కోటయ్య బాబాయ్, ఒళ్ళంతా మట్టి, చేతిలో ఖాళీ గ్లాసుతో అంజి, మా అన్న.

"అమ్మాయ్, ఇంక దీన్ని పీకెయ్" అన్నారు మాబు సారు.

"పీకను" అన్నాను. "మిషన్ తప్పేం చెయ్యలా సార్. నేను పెట్టిన చోటు తప్పు. ఊరంతా వినపడే చోట మైకు పెట్టి ఒక్కడి కూత వినమంటే అదేం చేస్తది? నాకు కాసేపు టైమివ్వండి."

"పోనీలే సార్, ఇట్టాగే ఉండనీండి. బాగానే ఉందిగా" అన్నాడు అన్న తొందరగా. నన్ను వెనకేసుకొస్తున్నాడనిపించింది. ఇంకా పౌరుషం వచ్చింది.

"ఇట్టా వద్దన్నా. నీ పేరు మీద మచ్చ పోవాలంటే ఇది సరిగ్గా పనిచెయ్యాల్సిందే" అన్నాను. అన్న మెడ తుడుచుకుంటూ పక్కకి జరిగాడు.

అప్పట్లోనే మేడమ్ ల్యాబ్‌లో రెండు మైకుల ప్రోగ్రామ్ ఒకటి చేయించారు. అది నా లాప్‌టాప్‌లోనే ఉంది. ఒక్క మైకుతో సులువుగా అయిపోతుందని నేనే దాన్ని పక్కన పెట్టాను. కోటయ్య బాబాయ్ దగ్గర పెళ్ళిళ్ళలో పురోహితుడికి పెట్టే తీగలేని చిన్న కాలర్ మైకు ఉంది, దానికింకా పసుపు అంటుకునే ఉంది. విరిగితే నాదే పూచీ అని నాచేత వందసార్లు చెప్పించుకుని ఇచ్చాడు. దాన్ని రుమాల్లో చుట్టి, కూతకెళ్ళేవాడి మెడకి కట్టాలి. అందులో వాడి కూతా పడుతుంది, ఊరి గోలా పడుతుంది. తాడు మీద వేలాడే మైకులో ఊరి గోలే ఎక్కువ పడుతుంది. ఆ గోలని తగిన పాళ్ళలో కాలర్ మైకు నుంచి తీసేస్తే మిగిలేది కూత ఒక్కటే. అప్పటిదాకా నేను నెత్తిన పెట్టుకున్న తెలివితేటలన్నీ దించి, మేడమ్ చెప్పినట్టు చేశాను.

"అంజీ, నోరు మూసుకుని నిలబడు. ఇప్పుడు అందరూ అరవండి!" అన్నాను. రెండు ఊళ్ళూ కలిసి అరిచాయి, అమ్మతో సహా. ఎర్రబల్బు కదల్లేదు. అంజి మెల్లగా "కబడ్డీ" అన్నాడు. పచ్చ. ఆపాడు. ఎర్ర.

"ఇప్పుడు సరిపోయింది" అన్నారు మాబు సారు. అంతవరకు అరిచినవాళ్ళందరికీ పాపం పని లేకుండా పోయింది.

రెండో సగం అసలైన కబడ్డీ. ఎవరెంత అరిచినా బల్బు లెక్కచెయ్యలేదు. అంజి కూత మధ్యలో దొంగతనంగా చిన్న ఊపిరి తీసుకోబోతే పట్టేసింది. వాడు నవ్వి, తల గోక్కుని, బయటికి వెళ్ళి కూర్చున్నాడు. మావాడొకడినీ పట్టేసింది. ఎవరూ కిక్కురుమనలేదు. పాయింట్లు సమానమయ్యాయి. ఆఖరి కూత మా అన్నది.

ఏడాదిగా నేను ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. అన్న వంగి గీతకి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళాడు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ." పచ్చ. ఒకణ్ణి తాకాడు. పచ్చ. మూల దాకా తరుముకుంటూ వెళ్ళాడు, ఇంకొకణ్ణి తాకాడు. పచ్చ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్న గిరుక్కున తిరిగి గీత వైపు ఉరికాడు. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

ఎర్రబల్బు వెలిగింది.

అన్న గీత దాటి చేతులు పైకెత్తాడు. మా ఊరు కోర్టులోకి దూకింది. మాబు సారు ఈల ఊదలేదు, చెయ్యి మాత్రం బల్బు వైపు చూపించారు. దూకినవాళ్ళు దూకినచోటే ఆగారు.

"బల్బు పాడైంది!" అన్నాడు అన్న.

"మిషన్ పాడైంది! ఇందాకంతా పిచ్చిపిచ్చిగా వెలగలా?" అని మావాళ్ళు అందుకున్నారు. అమ్మ నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"మణీ, అది పాడైందని చెప్పవే. ఒక్క మాట. చెప్పు."

చూడండి, ఎంత చిన్న మాటో. సగం ఆట దాకా తలాతోకా లేకుండా వెలిగిన మిషన్ అది. పాడైందంటే పక్కూరు కూడా నమ్ముతుంది. అన్న పేరు మీద మచ్చ పోతుంది, కప్పు వస్తుంది, రాత్రికి ఇంట్లో అన్నం దొరుకుతుంది. నేను తెర వైపు చూశాను. అన్న వెనక్కి తిరిగిన క్షణం దగ్గర తెర మీది కూత గీత నున్నగా, అడుగుకి ఆనుకుని ఉంది. ఆ తర్వాత కోర్టులో మధ్య గీత దాటేదాకా చప్పుడు లేదు. పెదాలు మాత్రమే కదిపాడు. వందల మంది కళ్ళు పెదాల్ని చూసి మోసపోయాయి. నిరుడు కూడా ఇలాగే తిరిగి, ఇలాగే ఉరికాడు.

అన్న మీద కోపం వచ్చింది, జాలి కూడా వచ్చింది. ఏడాది పాటు వాడి కోసం నేనే లోకంతో పోట్లాడాను కదా, ఆ లోకమంతా ఇప్పుడు నా వైపే చూస్తోంది.

"పాడవలా సార్" అన్నాను. "కూత తెగింది."

తర్వాత జరిగింది వివరంగా రాయను. కప్పు వాగు దాటింది. కోటయ్య బాబాయ్ నా పేరు మైకులో చెప్పడానికి కూడా ఇష్టపడలేదు. ఎప్పుడూ నోరు తెరవని మా వీధి పెద్దమ్మ "సొంత అన్నని అవుట్ చేసిన ఆడపిల్లని ఈడ్నే చూశాం" అంది. పక్కూరి వాళ్ళు వెళ్తూ వెళ్తూ నాకు పకోడీ పొట్లం ఇచ్చి పోయారు. ఆ రోజు నా పక్షాన నిలబడింది ఆ పొట్లం ఒక్కటే.

మర్నాడు పొద్దున మిరపకాయల కల్లంలో అన్న పట్టాలు సర్దుతున్నాడు. నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను.

"నిరుడు కూడా తెగిందా?" అని అడిగాను.

"తెగింది."

"మరి తెలిసి తెలిసి నా మిషన్ పెడతానంటే ఎందుకొప్పుకున్నావన్నా?"

అన్న పట్టా వదిలేసి నా వైపు తిరిగాడు. వాడి మొహంలో అంత బాధ నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు చేసిన మిషన్ పనిచేస్తదని ఎవరనుకున్నారే!"

అదండీ సంగతి. ఊరు నన్ను "బల్బు మణి" అంటుంది, అననీండి. అందుకే ఇప్పుడు మిరపకాయల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. పనిచెయ్యని మిషన్‌ని సగం ఆట దాకా పట్టుకుని వేలాడే పొరపాటు ఈ జన్మలో మళ్ళీ చెయ్యను. ఈసారి పనిచేసే మిషన్‌తో మొదటి కూత నుంచే దొంగకూతల్ని పట్టుకుంటాను.